వాళ్ళు ఆరుగురు

ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ ఈ మాటలు వింటున్న బాన్సువాడ అక్కాచెల్లెళ్లకు నమస్కారం.

తెలుగులో నాటకాలు రాసిన ఆడవాళ్లు తక్కువ. అందుకే ఓల్గా రాసిన ‘వాళ్ళు ఆరుగురు’ గురించి చెప్పాలనిపించింది. గురజాడ ‘కన్యాశుల్కం’లోని స్త్రీలూ, చలం కథానాయికలూ అందులో ఒకే రంగస్థలం మీద కలుస్తారు.

‘కన్యాశుల్కం’ మొదటిసారి ఆడింది 1892లో. అందులో మధురవాణి మాటకారితనం అందరికీ గుర్తే. మీనాక్షి ఎందరికి గుర్తుంది? ఆమె లుబ్ధావధాన్లు కూతురు, వితంతువు. రామప్పపంతులు పెళ్లాడతానని ఆశపెట్టి, తీరా సమయానికి తప్పుకుంటాడు. తర్వాత ఆమె ఏమైందని అడిగే ప్రేక్షకుడు అరుదు. బుచ్చమ్మదీ అదే తీరు: చిన్నతనంలోనే భర్త పోయాడు, గిరీశం మాటలు నమ్మి ఇల్లు దాటింది. ఇక చలం రాజేశ్వరి ‘మైదానం’లో మొగుణ్ణి వదిలి ప్రేమ వెంట నడిచింది. ఆమెను తిట్టినవాళ్లూ, నెత్తిన పెట్టుకున్నవాళ్లూ చాలామందే.

వీళ్లందరినీ సృష్టించింది మగవాళ్లు. గొప్ప రచయితలే, సందేహం లేదు. ఒక స్త్రీ కలం పట్టి వీళ్లను ఒకచోట కూర్చోబెట్టినప్పుడు, ఒకరి బతుకు మరొకరికి ప్రశ్న అవుతుంది. నాకు ఈ నాటకంలో అన్నిటికన్నా విలువైనది అదే.

‘విముక్త’ కథలకు 2015లో సాహిత్య అకాడెమీ పురస్కారం అందుకున్న రచయిత్రి ఓల్గా. కథలు చదివినంతగా ఆమె నాటకాలు మనం ఆడలేదు. బాన్సువాడ కాలేజీ అమ్మాయిలు ఈ నాటకం ఎత్తుకోవాలి. మీనాక్షి వేషం బీడీలు చుట్టే ఇంటి పిల్ల వేస్తే, ముందు వరుసలో కూర్చుని చూడాలని నా కోరిక.