లేదనే ముందు వెతకాలి

పక్షి శాస్త్రవేత్త సాలిం అలీ స్మృతిలో మాట్లాడే అవకాశం నాకు దక్కిన గౌరవం. 1930ల ఆరంభంలో ఆయన నాటి హైదరాబాద్ సంస్థానమంతా తిరిగి ఏ పక్షి ఎక్కడుందో రాసిపెట్టారు. అలాంటి నమోదుకు మన ప్రణాళికల్లో ఏ స్థానం ఉండాలన్నదే నేటి విషయం. అందుకు మన కడప జిల్లాలోని కలివికోడి అనే పక్షి చరిత్రను ఎంచుకున్నాను. నా వాదన ఒక్కటే: అరుదైన జీవి కోసం వెతుకులాట ప్రాజెక్టు పటం గీయకముందే జరగాలి. వెతకని చోటును ఖాళీ చోటు కింద లెక్కగట్టకూడదు.

కలివికోడిని 1848లో శాస్త్రలోకానికి తెలిపినవాడు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన థామస్ జెర్డాన్. పెన్నా, గోదావరి లోయల్లో అడపాదడపా కనిపించిన ఆ పక్షి, 1900లో అనంతపురం దగ్గర నమోదయ్యాక మళ్లీ ఎవరి కంటా పడలేదు. అది అంతరించిపోయిందనే చాలామంది అనుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ అన్వేషణ ఫలించి, రెడ్డిపల్లి దగ్గర ఒక స్థానికుడు పట్టిన కలివికోడి దొరికింది. ఆ కబురు వినడానికి సాలిం అలీ ఇంకా మన మధ్య ఉన్నారు. ఆ ఎనభై ఆరేళ్లూ పక్షి అక్కడే ఉంది. రాత్రివేళ ముళ్లపొదల మధ్య తిరిగే ఆ జీవిని పగటిపూట వెతికేవారు చూడలేకపోయారు. ఆ పొదల్లో రాత్రిళ్లు తిరిగే ఊరివారికి మాత్రం దాని జాడ తెలుసు. ఆ పక్షి రక్షణ కోసం 1988లో అక్కడ శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

ఉందని తెలిస్తే సరిపోదు, ఎక్కడెక్కడ ఉందో తెలియాలి. మనిషి అలికిడికే మాయమయ్యే పక్షిని లెక్కించడం ఎలా? పరిశోధకులు పొదల మధ్య బాటల్లో సన్నటి మట్టిని పట్టీలుగా పరిచారు. రాత్రి దాని మీదుగా ఏది నడిచినా తెల్లారేసరికి అడుగుల ముద్ర ఉంటుంది. ఆ ముద్రలను తీతువు వంటి పక్షుల అడుగుల నుంచి వేరుచేసి గుర్తించారు. గుర్తింపు సరైనదో కాదో రూఢి చేసుకోవడానికి వాటంతట అవే ఫొటో తీసే కెమెరాలు అమర్చారు. తర్వాత పక్షి కూతను రికార్డు చేసి, సందెవేళ దాన్ని వినిపించి, బదులు కోసం చెవి ఒగ్గారు. ఈ శ్రమ ఫలితంగా ఒక కొలత దొరికింది: రెండు మీటర్లకు మించిన పొదలు హెక్టారుకు 300 నుంచి 700 దాకా, చిన్న పొదలు వెయ్యి లోపు ఉన్నచోటే కలివికోడి ఉండే అవకాశం ఎక్కువ. పొదలు మరీ చిక్కబడినా, మరీ పలచబడినా దానికి పనికిరాదు. ఈ కొలత చేతిలో ఉంటే ఉపగ్రహ చిత్రాలను ముందు పెట్టుకుని, ఏ నేలను ముందుగా వెతకాలో, ఏ నేలను కాపాడాలో నిర్ణయించవచ్చు.

ఇలా జాడలు సేకరించడం విలువ 2005లో తేలింది. తెలుగుగంగ కాలువ కోసమని అనుమతి లేకుండా యంత్రాలు అభయారణ్యంలోకి దిగి తవ్వకం మొదలుపెట్టాయి. కలివికోడి తిరిగే ప్రాంతంలోనే పొదలు పెళ్లగించారు. అక్కడ పక్షి ఉందన్న ఆధారాలు చేతిలో ఉండబట్టే అభ్యంతరం నిలిచింది. పని ఆగింది, విషయం సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ దాకా వెళ్లింది, చివరికి కాలువ దారి మారింది. ఆ ఆధారాలే లేకపోతే అభ్యంతరం చెప్పేవారి మాట గాలిమాటగా కొట్టుకుపోయేది.

కరువుసీమలో నీటికంటే పిట్ట ఎక్కువా అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. రాయలసీమ రైతు నీటి కోసం తరతరాలుగా పడ్డ పాట్లు తెలిసినవారెవరూ దాన్ని తోసిపుచ్చలేరు. కానీ ఇక్కడ కాలువ ఆగిపోలేదు, పక్కకు జరిగింది. నీరా, పక్షా అన్న పేచీ సమాచారం ఆలస్యంగా అందినప్పుడే పుడుతుంది. పటం మీద గీతను జరపడానికి అయ్యే ఖర్చెంత, తవ్విన కాలువను వదిలేసి కొత్తది తవ్వడానికి అయ్యే ఖర్చెంత? ముందే వెతకడం రైతుకూ మేలే.

పక్షిని కాపాడటమంటే పశువుల కాపరులను తరిమేయడమేనా అన్నది మరో భయం. పొదల కొలతే దానికి సమాధానం. కొట్టివేత, మేత మితిమీరితే నష్టమే. పూర్తిగా ఆగిపోతే పొదలు చిక్కబడి అదీ నష్టమే. ఎంతవరకు మేపవచ్చో నేలను కొలిచి, కాపరులతో కూర్చుని తేల్చుకోవాలి.

ఇంకొక అభ్యంతరం మరింత బరువైనది: జాడ ప్రకటిస్తే వేటగాడికి దారి చూపినట్టే కదా? గుత్తి సాలీడు సంగతే తీసుకుందాం. 1899లో వర్ణించాక శతాబ్దం పాటు దాని ఊసే లేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనబడింది. దాని నీలిరంగుకు మోజుపడి పెంచుకునేవారి కోసం విదేశాల్లో దాన్ని అమ్ముతున్నారు. కాబట్టి ఆ భయం నిజమైనదే. అయితే జాడను దాచడం వేరు, అసలు తీయకపోవడం వేరు. కచ్చితమైన చోటును అటవీశాఖకు, ప్రణాళికాధికారులకు ఇచ్చి, జనానికి స్థూలమైన ప్రాంతమే చెప్పవచ్చు. మనం వెతకడం మానేసినంత మాత్రాన వేటగాడు మానడు.

2025కు ముందు ఏళ్ల తరబడి కలివికోడి రూఢిగా దొరకలేదు కాబట్టి ఇక శ్రమ దండగ అన్నవారికి 1986 చాలినంత జవాబు. వెతికి దొరకకపోవడం కూడా ఆధారమే, కానీ ఎన్ని రాత్రులు, ఏ కాలంలో, ఏ పద్ధతిలో వెతికారో రాసినప్పుడే దానికి విలువ. ఒక్క సీజన్‌లో పగటిపూట తిరిగి ‘అరుదైన జీవులేవీ లేవు’ అని ముగించే నివేదికకు ఆ విలువ లేదు. అందుచేత నేను కోరేది ఇది: ప్రతి ప్రాజెక్టు నివేదికలో దొరికిన జీవుల పట్టికతోపాటు వెతికిన శ్రమ పట్టిక కూడా ఉండాలి. ఈ జాడల నమోదును ప్రాజెక్టు వచ్చినప్పుడు కాక ఏటా, ప్రభుత్వ ఖర్చుతో, ఊరివారిని జీతమిచ్చి భాగస్వాములను చేసి కొనసాగించాలి. కాలువకైనా రోడ్డుకైనా గీత గీసే ఇంజనీరు ముందు ఆ జాడల పటం మొదటి రోజే ఉండాలి.