కొత్త ఊళ్ళో బాడుగ ఇల్లు

(సంఘం వార్షిక సమావేశంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకు ఇచ్చిన విషయం "విద్య - మన కర్తవ్యం". ఆ విషయం మీద నేను ముప్పై మూడేళ్ళు ఉద్యోగరీత్యా మాట్లాడాను, ఆ పైన ఇలాంటి సభల్లో కూడా మాట్లాడాను. మీకూ విసుగు, నాకూ విసుగు. అందుకని వారి అనుమతి తీసుకుని ఈసారి అద్దె ఇళ్ళ గురించి మాట్లాడతాను. ఇదేమి విషయం అని కొందరు నవ్వుకుంటున్నారు, కనిపిస్తూనే ఉంది. కాస్త ఓపిక పట్టండి.

2025లో మెగా డీఎస్సీ జరిగింది. 16,347 పోస్టులు ప్రకటించారు. మన పిల్లల్లో కూడా కొందరికి ఉద్యోగాలు వచ్చాయి. ఈ వేదిక మీదే శాలువాలు కప్పాం, ఫోటోలు తీయించుకున్నాం. ఆ తర్వాత మూణ్ణెల్లు తిరక్కుండా అందులో ఒక అమ్మాయి తండ్రి మా ఇంటికి వచ్చారు. "సార్, ఉద్యోగం దొరికింది గానీ ఇల్లు దొరకలేదు. రానూ పోనూ నాలుగు గంటలు బస్సులోనే పోతోంది. చీకటి పడ్డాక ఇంటికొస్తుంది. మానిపించేద్దామా అని వాళ్ళమ్మ అంటోంది" అన్నారు. శాలువా కప్పినవాళ్ళలో నేనొకణ్ణి. నా దగ్గర జవాబు లేదు.

నా సంగతి చెప్తాను. మాది చీరాల. 1986లో నాకు లెక్కల మాస్టారుగా గిద్దలూరు ప్రాంతంలో పోస్టింగు వచ్చింది. జిల్లా ఒకటే అని పేరు. ఆ తాలూకాలు 1970 దాకా కర్నూలు జిల్లాలో ఉండినవి. ఒంగోలులో బస్సెక్కి పొదిలి, మార్కాపురం, కంభం దాటి వెళ్ళేసరికి నేల మారిపోయింది, మాట మారిపోయింది. మేము అద్దె అంటే వారు బాడుగ అన్నారు. మేము మాస్టారు అంటే వారు అయ్యవారు అన్నారు. సముద్రం ఒడ్డున పుట్టినవాణ్ణి, నల్లమల కొండలు చూసి ఇక్కడ ఎలా బతకాలిరా దేవుడా అనుకున్నాను.

ఆ రోజుల్లో చిన్న ఊళ్ళలో టూ-లెట్ బోర్డులు ఉండేవి కావు. ఇప్పటికీ తక్కువే. ఇల్లు కావాలంటే స్కూలు అటెండరు, టీ అంగడి ఆయన, బట్టలుతికే అమ్మ, వీళ్ళకు చెప్పాలి. ఎవరు ఖాళీ చేస్తున్నారో ఇంటి యజమాని కంటే ముందు వీళ్ళకు తెలుస్తుంది. మా అటెండరు మంచివాడు. నన్ను వెంటబెట్టుకుని ఏడెనిమిది ఇళ్ళు తిప్పాడు. గడపలో నిలబెట్టి మర్యాదగా మాట్లాడేవాళ్ళు, మజ్జిగ కూడా ఇచ్చేవాళ్ళు. "అయ్యవారి పేరు?" అనేవాళ్ళు. చెప్పాక, "మా చెల్లెలి కొడుకు చదువుకు వస్తున్నాడు సార్, వాడికే ఉంచినాం" అనేవాళ్ళు. ఏడెనిమిది మంది చెల్లెళ్ళ కొడుకులు ఆ ఏడాది ఆ ఊరికి చదువుకు వస్తున్నారన్నమాట!

మన వీధిలో అడగలేదా అంటారేమో. అడిగాను. అక్కడ పెద్దాయన ఒకరు ఉర్దూలో పలకరించారు. మాది దూదేకుల కుటుంబం, ఇంట్లో మాట్లాడేది తెలుగే. నేను తడబడ్డాను. ఆయన నా ముఖంలోకి చూసి, "ఓహో, మీరు అటువైపు వాళ్ళా" అని, ఇల్లు రిపేరుకు ఇచ్చానన్నారు. అక్కడ రిపేరు, ఇక్కడ చెల్లెలి కొడుకు. ఈ మాట ఈ సభలో చెప్పడం కొందరికి నచ్చదని తెలుసు. జరిగింది కాబట్టి చెప్తున్నాను.

చివరికి నేనొక తప్పు పని చేశాను. తోటి ఉపాధ్యాయుడొకరు నా తరఫున వెళ్ళి, "చీరాల నుంచి వచ్చిన కొత్త సారుకు" అని చెప్పి నెల బాడుగ అడ్వాన్సు కట్టి తాళం తెచ్చారు. పేరు ఆయన చెప్పలేదు, వాళ్ళు అడగలేదు. నేనూ ఊరుకున్నాను. చీరాల వెళ్ళి భార్యనూ, అయిదు నెలల బిడ్డనూ, సామానునూ తెచ్చుకున్నాను. రాత్రి దిగాం. తెల్లవారి మా ఆవిడ బురఖాతో నీళ్ళకు బయటికి వచ్చింది. గంటలో ఇంటాయన అడ్వాన్సు డబ్బు చేతిలో పట్టుకుని వచ్చాడు. అరవలేదు, తిట్టలేదు. "ముందే చెప్పుంటే ఇంత దూరం సామాను తెచ్చుకునే పని తప్పేది కదా సార్" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది, ఎందుకంటే అందులో సగం నిజం ఉంది.

మూడు రాత్రులు స్కూల్లో ఒక గదిలో పడుకున్నాం. బల్లలు కలిపి, పైన బొంత వేసి, బిడ్డను మధ్యలో పడుకోబెట్టుకున్నాం. మా ఆవిడ ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

నాలుగో రోజు అటెండరు ఒక అవ్వ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఒంటరి మనిషి. నేను గుమ్మం ఎక్కక ముందే నా పేరు, మా ఇంటి పేరు, మేము మాంసం తింటామన్న సంగతి అన్నీ ఒక్క గుక్కలో చెప్పేశాను. ఆమె అదంతా విని, "నీళ్ళు బావిలోంచి తోడుకోవల్ల. మీ ఆడమనిషి తోడుకోగలదా?" అని అడిగింది. ఆమె అడిగిన ప్రశ్న అదొక్కటే. ఇంకో షరతు కూడా పెట్టింది లెండి. పెద్దకూర మాత్రం ఇంట్లో వండొద్దు అంది. ఒప్పుకున్నాను.

అవ్వను దేవతను చేసి చెప్పడం నాకిష్టం లేదు. బాడుగ విషయంలో ఆమె మహా గట్టిది. నెలకు 120 రూపాయలు, బల్బు ఒక్కింటికి 5 రూపాయలు, ఫ్యాను పెట్టుకుంటే 15 అదనం. దూలాలు, దంతెలు వేసి పైన చౌడు మట్టి పరిచిన పాత మిద్దె. ఎండాకాలం చల్లగా ఉండేది. వానల ముందు కొత్త చౌడు తోలించకపోతే మాత్రం లోపల గిన్నెలు పెట్టుకోవాల్సిందే. ఆ చౌడు బండి ఖర్చు నాదా, ఆమెదా? ముందు మాట్లాడుకోలేదు. మొదటి ఏడాది దాని మీదే పదిహేను రోజులు మాటలు లేవు. ఆఖరికి చెరి సగం అనుకున్నాం. ఆరేళ్ళు ఉన్నాం ఆ ఇంట్లో. మా రెండో బిడ్డ అక్కడే పుట్టింది.

కొత్తగా ఉద్యోగాలకు వెళ్ళే పిల్లలకు ఆ అనుభవంతో నాలుగు మాటలు. పేరు ముందే చెప్పండి. ఫోనులోనే చెప్పండి. గుమ్మంలో కాదనిపించుకోవడం కష్టమే గాని, సామాను దింపాక కాదనిపించుకోవడం కంటే మేలు. మొదటి నెల కుటుంబాన్ని తీసుకెళ్ళకండి, ఒక మంచం, ఒక స్టవ్వు చాలు. ఇల్లు చూడటానికి సాయంత్రం వెళ్ళండి, పడమటి గోడ మీద చెయ్యి పెట్టి చూస్తే మే నెలలో ఆ గది ఎలా ఉంటుందో తెలిసిపోతుంది. గోడల మీద చెమ్మ చారలు చూడండి. నీళ్ళ గురించి ఇంటివాళ్ళను కాదు, పక్కింటివాళ్ళను అడగండి. మా పడమటి ప్రాంతంలో బోరు నీళ్ళలో పప్పు ఉడకదు, కొన్ని చోట్ల ఫ్లోరైడు కూడా ఉంది. తాగే నీళ్ళు ఎక్కడి నుంచి, బిందె ఎంత, టాంకరు ఎన్ని రోజులకు అన్నది బాడుగ కంటే ముందు తేల్చుకోవాలి.

కరెంటు విషయం. ఇంటివాళ్ళూ మీరూ ఒకే మీటరు మీద ఉంటే యూనిట్లు కలిసి పై శ్లాబులోకి పోతాయి, యూనిట్ ధర పెరుగుతుంది. అప్పుడు "మీ వల్లే బిల్లు పెరిగింది" అని వారు, "మేం వాడింది ఇంతే" అని మీరు. వేరే మీటరు ఉన్న పోర్షను వంద ఎక్కువైనా మంచిది.

అగ్రిమెంటు 11 నెలలకే ఎందుకు రాస్తారని చాలామంది అడుగుతారు. ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయించాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెబుతోంది. ఆ ఖర్చు, తిరుగుడు తప్పించుకోవడానికి 11 నెలలు. కాగితమే లేకపోతే? నెలనెలా బాడుగ కట్టే ఇంటికి సాధారణంగా పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలని అదే 1882 చట్టంలో 106వ సెక్షను. రాత్రికి రాత్రి పొమ్మనడానికి వీల్లేదు. కేంద్రం 2021లో ఒక నమూనా అద్దె చట్టం తయారుచేసి రాష్ట్రాలకు పంపింది. నివాసపు ఇంటికి రెండు నెలల బాడుగకు మించి అడ్వాన్సు తీసుకోరాదని అందులో ఉంది. అయితే రాష్ట్రాలు తమ చట్టంగా తెచ్చుకుంటేనే అది పనిచేస్తుంది. బాడుగ ఫోన్ పే ద్వారా కట్టండి. చేతికిస్తే రసీదు తీసుకోండి, మొహమాటపడకండి.

కాని ఇల్లు ఇవ్వనన్నవాణ్ణి ఇవ్వమనే చట్టం ఏదీ అంటే, నాకు కనిపించలేదు. రాజ్యాంగంలో 15వ అధికరణం అంగళ్ళు, హోటళ్ళు, బావులు, రోడ్ల గురించి చెబుతుంది. సొంత ఇంటి పోర్షను అందులో లేదు. గుజరాత్‌లో ఒక పార్సీల గృహనిర్మాణ సహకార సంఘం తమవారికి తప్ప సభ్యత్వం ఇవ్వమని నియమం పెట్టుకుంటే, 2005లో సుప్రీంకోర్టు ఆ నియమం చెల్లుతుందనే చెప్పింది. ముస్లింలకు ఇళ్ళు దొరకడం కష్టంగా ఉందని 2006లో సచార్ కమిటీ నివేదికలో కూడా రాశారు. ఆ పేజీని మనం సభల్లో చాలాసార్లు చదివి వినిపించాం. నేనే వినిపించాను.

ఇక అసలు సంగతి. 1998లో నేను మార్కాపురంలో అప్పు చేసి ఇల్లు కట్టుకున్నాను. పైన రెండు గదుల పోర్షను వేశాను. 2004లో ఒక కుర్రాడు వచ్చాడు. కొత్తగా ఉద్యోగం వచ్చిన సెకండరీ గ్రేడ్ టీచరు. బక్కగా, చేతిలో ఫైలు పట్టుకుని, నేను 1986లో ఎలా ఉన్నానో అలాగే ఉన్నాడు. కూర్చోబెట్టాను, టీ ఇచ్చాను. ఊరు అడిగాను, ఊళ్ళో ఏ పేట అని అడిగాను. అది ఎందుకు అడుగుతున్నానో అతనికి తెలుసు, నాకూ తెలుసు. తల ఎత్తి, "ఎస్సీ కాలనీ సార్" అన్నాడు. అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట ఏమిటో తెలుసా? "మా బావమరిది వాళ్ళు వస్తామన్నారు నాయనా, అడిగి చెప్తాను" అన్నాను.

మా బావమరిది చీరాలలో సొంత ఇంట్లో ఉన్నాడు. ఎక్కడికీ రావడం లేదు.

ఆ అబ్బాయి టీ పూర్తిగా తాగి, కప్పు జాగ్రత్తగా కింద పెట్టి, "సరే సార్" అని వెళ్ళిపోయాడు. అతనికి ఇల్లు ఎక్కడ దొరికిందో నేను కనుక్కోలేదు. మా ఆవిడ లోపలి నుంచి అంతా విన్నది. రాత్రి అన్నం పెడుతూ, "స్కూల్లో బల్లలు గుర్తున్నాయా?" అంది. అప్పుడు అనని మాట పద్దెనిమిదేళ్ళకు అంది. ఆ పోర్షను ఆ తర్వాత నాలుగు నెలలు ఖాళీగా ఉంది.

నేనెందుకలా అన్నాను? వీధిలో వాళ్ళు ఏమంటారో అని. చుట్టాలు వస్తే ఏమనుకుంటారో అని. గిద్దలూరులో ఆ ఏడెనిమిది మందికీ ఈ భయమే ఉండి ఉండాలి. వాళ్ళను అర్థం చేసుకోవడానికి నాకు ఇంత పని చేయాల్సి వచ్చింది.

మొదట చెప్పిన ఆ అమ్మాయి సంగతికి వస్తాను. ఆమెకు పోస్టింగు వచ్చిన ఊళ్ళో ఇళ్ళున్న వాళ్ళు ఈ సభలోనే ఇద్దరున్నారు. పేర్లు చెప్పను. ఆ తండ్రి ఇద్దరి దగ్గరికీ వెళ్ళారు. "ఫ్యామిలీకే ఇస్తాం గాని ఒంటరి ఆడపిల్లకు ఇవ్వం, రేపు ఏదైనా మాట వస్తే మాకెందుకు" అన్నారట. వారి భయాన్ని నేను తక్కువ చేయను. వాళ్ళమ్మ రెండు నెలలు తోడుండటానికి సిద్ధంగా ఉంది. ఇంకో స్కూలు టీచరమ్మను కలుపుకుని ఇద్దరూ ఉంటామని ఆ అమ్మాయే అంటోంది. ఆ ఇంకో టీచరమ్మ మన మతం కాదు. ఆ ఇద్దరు పెద్దలూ భోజనాలయ్యాక ఆ తండ్రితో మరొక్కసారి కూర్చోవాలని నా మనవి. నేనూ వచ్చి కూర్చుంటాను.

కార్యదర్శి గారికి మరో మనవి. మన ఆఫీసులో చందాల రిజిస్టరు ఉంది, స్కాలర్‌షిప్పుల రిజిస్టరు ఉంది. ఖాళీ ఇళ్ళ రిజిస్టరు ఒకటి పెట్టండి. ఊరు, గదులు, నీళ్ళు, బాడుగ, ఇంటివాళ్ళ ఫోను నంబరు, అంతే. ఎవరికిస్తారు అనే గడి మాత్రం అందులో వద్దు.

మొదటి పేజీలో మా పోర్షను రాయించండి. మార్కాపురం, పై అంతస్తు, రెండు గదులు, వంటిల్లు, వేరే మీటరు. బాడుగ 4,500. మునిసిపాలిటీ నీళ్ళు రోజూ రావు, పైన డ్రమ్ములు పెట్టుకోవాలి. మెట్లు కాస్త నిటారుగా ఉంటాయి, ముసలివాళ్ళకు కష్టం. పోయిన నెల నుంచి ఖాళీగా ఉంది.