మన పేర్లకు మన వరుస
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

స్వర్ణోత్సవ సందర్భంగా పూర్వ విద్యార్థులందరి పేర్లతో తెలుగులో ఒక పట్టిక తేవాలని మన సంఘం సంకల్పించింది. కంప్యూటర్ పని చేసేవాణ్ని కాబట్టి దాని గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. పేర్లన్నీ ఎక్కించి, అక్షరక్రమంలో పేర్చమని మీట నొక్కితే అయిపోతుంది కదా అనిపిస్తుంది. కానీ ఏ అక్షరక్రమం? నేను మాట్లాడదలచుకున్నది దాని గురించే.

మన ఊళ్లనే తీసుకుందాం. ఇంగ్లీషు పట్టికల్లో ఎమ్మిగనూరు వై అక్షరంతో మొదలవుతుంది కాబట్టి ఎప్పుడూ అట్టడుగునే ఉంటుంది. అదే పట్టిక తెలుగులో రాయండి: ఆదోని, ఆలూరు, ఆస్పరి, ఎమ్మిగనూరు, కోసిగి, కౌతాళం, గోనెగండ్ల, నందవరం, మంత్రాలయం, హొళగుంద. ఎమ్మిగనూరు నాలుగో స్థానానికి వచ్చేసింది. మన ఎల్లప్పలదీ ఇదే కథ. తెలుగు పేరును తెలుగు వరుసలో పెట్టడం అంటే ఇదే.

అయితే కంప్యూటర్‌కు అక్షరం తెలియదు, అంకె తెలుసు. యూనికోడ్‌లో తెలుగుకు 3072 నుంచి 3199 దాకా 128 గడులు కేటాయించారు. 'అ' సంఖ్య 3077, 'క' సంఖ్య 3093. మనం ఏ నియమమూ చెప్పకపోతే యంత్రం ఈ సంఖ్యల ప్రకారమే పేర్లు పేరుస్తుంది. ఆ వరుస మన వర్ణమాలను పోలి ఉంటుంది గానీ అచ్చంగా అదే కాదు. ముఖ్యంగా మూడు చోట్ల తేడా వస్తుంది.

మొదటిది సున్న. ఒకటో తరగతిలో మనం క, కా, కి అని మొదలుపెట్టి కౌ, కం, కః అని ముగించాం. ఆ లెక్కన నాగలదిన్నె ముందు, నందవరం తరువాత రావాలి. యంత్రం దగ్గర సున్న సంఖ్య 3074, అంటే అచ్చులన్నిటికన్నా ముందు. కాబట్టి నందవరమే ముందొస్తుంది. అది తప్పా అంటే, నిఘంటువు తెరిచి చూడండి. అక్కడా కంకణము ముందు, కాకి తరువాతే. అంటే గుణింతానిది ఒక వరుస, నిఘంటువుది ఇంకో వరుస. రెండూ మనవే.

రెండోది ళ, ఱ. పెద్దబాలశిక్ష వరుసలో ఇవి హ దాటిన తరువాత వస్తాయి. యూనికోడ్‌లో ర పక్కన ఱ, ల పక్కన ళ కూర్చున్నాయి. దాంతో వర్ణమాల ప్రకారం కవిత ముందు, కళావతి తరువాత రావలసి ఉండగా, యంత్రం కళావతిని ముందు పెడుతుంది.

మూడోది క్ష. వర్ణమాలలో దీన్ని విడి అక్షరంగా చివర చదివాం. యంత్రానికి అది క కింద ష వత్తు మాత్రమే. అందుకే లలిత కన్నా లక్ష్మి ముందు వస్తుంది. ఈ విషయంలో నిఘంటువులు యంత్రం పక్షమే.

యూనికోడ్ సంస్థ అక్షరక్రమానికి ఒక సాధారణ పద్ధతినీ, సీఎల్‌డీఆర్ అనే నిధిలో భాషలవారీ సవరణలనూ ప్రచురిస్తోంది. అందులో తెలుగు అక్షరాల వరుసకు చేసిన సవరణ చాలా చిన్నది: ఔ తరువాత అరసున్న, సున్న, విసర్గ రావాలి. ళ, క్ష జోలికి అది వెళ్లదు. మనకు వర్ణమాల వరుసే కావాలంటే 'హ < ళ < క్ష < ఱ' అని ఒక్క నియమం అదనంగా రాసుకోవచ్చు. అలాంటి నియమాలను ఒప్పుకునే డేటాబేస్‌లు ఉన్నాయి. రాయడం రెండు నిమిషాల పని. ఏది రాయాలో తేల్చడమే అసలు పని. అది తేల్చవలసింది ప్రోగ్రామరు కాదు, ఇక్కడ కూర్చున్న మా తెలుగు మాస్టార్లు.

మన ప్రాంతానికి ఇంకో విశేషం ఉంది. మనలో ఇంట్లో కన్నడం మాట్లాడేవాళ్లు చాలామంది. భారతీయ లిపులకు ఒకే చట్రం వేసిన 1988 నాటి ఇస్కీ అమరికను యూనికోడ్ అనుసరించింది. అందువల్ల కన్నడ 'అ' తెలుగు 'అ'కు సరిగ్గా 128 గడుల అవతల ఉంటుంది. ఎవరైనా కన్నడ లిపిలో పేరు రాసిస్తే, అది తెలుగు పేర్లన్నీ అయిపోయాక చివరన పడుతుంది. అలాంటి పేర్లను తెలుగు లిపిలోనూ రాయించుకుంటే ఎవరూ విడిగా పోరు.

పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన జాబితాలతో మరో చిక్కు. తెర మీద తెలుగు కనిపించినా లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే. వాటిని యూనికోడ్‌లోకి మార్చకుండా పేరిస్తే ఆ వరుసకు అర్థమే ఉండదు.

ఇక యంత్రం తీర్చలేనివి కొన్ని ఉన్నాయి. ఉరుకుంద స్వామి పేరు పెట్టుకున్నవాళ్లు మనలో ఎందరో. ఒకరు ఈరన్న అని రాస్తారు, ఇంకొకరు వీరన్న అంటారు. ఎవరి పేరు వారు రాసుకున్నట్టే అచ్చువేసి, రెండో చోట 'ఈరన్న చూడండి' అని ఒక ముక్క పెడితే చాలు. ఇంటిపేరు పొడి అక్షరాలతో మొదలుపెట్టవద్దని కూడా నా మనవి. బడిలో మనం ఒకరినొకరు పేరుతోనే పిలుచుకున్నాం. ముందు పేరు, తరువాత ఇంటిపేరు, ఊరు, పదో తరగతి పూర్తయిన సంవత్సరం, ఇలా ఉంటే నలుగురు రంగన్నల్లో మన రంగన్న దొరుకుతాడు.

నా సూచన నిఘంటువు వరుస. పుస్తకాలు చూసే అలవాటున్నవారికి అది తెలిసిన దారి. ఏ వరుస ఎంచుకున్నా మొదటి పేజీలో రెండు వాక్యాల్లో చెప్పాలి. ఎందుకంటే పట్టికలో పేరు ఉండటం వేరు, వెతికిన చోట ఉండటం వేరు. ముప్పై ఏళ్ల తరువాత ఎవరో తన బెంచీ స్నేహితుడి కోసం ఈ పుస్తకం తిరగేస్తారు. చూసిన చోట పేరు లేకపోతే, మనవాణ్ని మరిచిపోయారనుకుని పుస్తకం మూసేస్తారు. ఆ స్నేహితుడు అప్పటికి లేకపోతే, అతను ఇక్కడ చదివాడన్న గుర్తు ఆ ఒక్క పంక్తే కావచ్చు.

అందుకే సంఘం పెద్దలను కోరుతున్నాను. అచ్చుకు పంపేముందు తెలుగు మాస్టార్లను ఒక పూట కూర్చోబెట్టి, ఈ మూడు ప్రశ్నలకూ వారి చేత జవాబు రాయించండి. యంత్రానికి ఆ జవాబు నేర్పే పని నాది.