పిల్లల కోసమే అంటున్నాం, మరి పిల్లాడికి ఏం మిగిలింది?

సేమ్ సెక్స్ మ్యారేజ్ టాపిక్ ఎత్తితే చాలు, ఒక మాట గ్యారంటీగా వస్తుంది. "బ్రో, ఇద్దరు పెద్దోళ్లు ఎలా బతికినా మాకు ప్రాబ్లమ్ లేదు. కానీ పిల్లల సంగతేంటి?" మంచి ప్రశ్నే. తిట్టుకోకుండా చట్టం ఏం చెప్తుందో చూద్దాం.

2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు సుప్రియో కేసులో తీర్పిచ్చింది. కేసు వేసిన మొదటి జంట మన హైదరాబాద్ వాళ్లే. పెళ్లి చేసుకోవడం ప్రాథమిక హక్కు కాదని ఐదుగురు జడ్జిలూ ఒప్పుకున్నారు. దత్తత దగ్గరకొచ్చేసరికి మాత్రం 3-2గా చీలిపోయారు.

గొడవంతా 2022 దత్తత నిబంధనల్లోని 5(3) మీద. జంటగా దత్తత తీసుకోవాలంటే కనీసం రెండేళ్ల స్థిరమైన వైవాహిక జీవితం ఉండాలి అంటుందది. పెళ్లే కుదరని జంటకి ఆ రెండేళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? పెళ్లైన స్త్రీ పురుషుల జంటే పిల్లలకి స్థిరత్వం ఇవ్వగలదు అనడానికి ఆధారమేదీ మా ముందు లేదు అన్నారు చీఫ్ జస్టిస్ చంద్రచూడ్. జస్టిస్ కౌల్ ఆయనతో ఏకీభవించారు.

అవతలి వాదన కూడా తీసిపారేసేది కాదు. జంట విడిపోతే పిల్లల కస్టడీ, పోషణ లాంటి రక్షణలు పెళ్లి చట్టాల్లోనే ఉన్నాయి, ఆ చట్టం లేని చోట పిల్లాడి గతేంటి అని జస్టిస్ భట్ అడిగారు. అందుకే మెజారిటీ ఆ నిబంధనని కొట్టేయలేదు. కానీ ఇలాంటి ఇళ్లల్లో పెరిగే పిల్లలు నష్టపోకుండా ప్రభుత్వం చూడాలని కూడా ఆయనే రాశారు.

ఇప్పుడు అసలు పాయింట్. మన చట్టంలో ఒంటరి వ్యక్తి దత్తత తీసుకోవచ్చు. ఒంటరి మగాడు ఆడపిల్లని తీసుకోకూడదు, అంతే. ఇద్దరబ్బాయిలు కలిసి ఉంటున్నారు, వాళ్లలో ఒకరి పేరు మీద ఒక బాబు దత్తత వచ్చాడు అనుకుందాం. స్నానం చేయించేది, హోంవర్క్ చేయించేది ఇద్దరూ. కాగితం మీద నాన్న మాత్రం ఒక్కడే. రేపు ఆ ఒక్కడికి ఏదైనా అయితే, రెండో ఆయన చట్టం దృష్టిలో పరాయివాడు. రెండో ఆయన విల్లు రాయకుండా చనిపోతే, ఆయన ఆస్తిలో ఈ బాబుకి రూపాయి రాదు. ఒకవేళ వాళ్లిద్దరూ విడిపోతే, రెండో ఆయన నుంచి పోషణ ఖర్చు అడిగే హక్కు కూడా వాడికి లేదు.

విల్లు రాసుకోవచ్చు కదా, గార్డియన్‌గా పెట్టుకోవచ్చు కదా అంటారు. నిజమే. కానీ మిగతా పిల్లలకి పుట్టుకతోనో దత్తతతోనో వచ్చే భద్రత, వీడికి మాత్రం పెద్దోళ్లు గుర్తుపెట్టుకుని రాస్తేనే వస్తుంది.

నేను సాఫ్ట్‌వేర్ వదిలేసి ఇటొచ్చినా, ఒక అలవాటు పోలేదు. ఏ సిస్టమ్ చూసినా, ఇందులో ఏ ఒక్కటి పోతే మొత్తం ఆగిపోతుంది అని వెతుకుతా. ఇక్కడ ఆ ఒక్కటీ ఒక సంతకం. దాని కింద ఉన్నది పిల్లాడు.

2025 జనవరిలో రివ్యూ పిటిషన్లు కూడా కొట్టేశారు. ఇక బంతి పార్లమెంటు కోర్టులోనే ఉంది. పెళ్లి మీద మీ అభిప్రాయం ఏదైనా ఉండనివ్వండి, మార్చుకోమని నేను అడగట్లేదు. "పిల్లల కోసమే" అనే ముందు ఒక్కసారి ఆ బాబు వైపు నుంచి చూడండి. వాడికి అన్నం పెట్టే చేతులు రెండు జతలు ఉన్నప్పుడు, వాడి మీద బాధ్యత ఒక్కరికే ఎందుకు రాస్తున్నాం?

ఆలోచించండి. మళ్లీ కలుద్దాం, బై.