కూలి, గంట, బాకీ: ఎస్.ఆర్. శంకరన్ స్మారకోపన్యాసం



శంకరన్ గారి పేరిట చేవెళ్లలో మాట్లాడటమంటే కూలి సంగతి మాట్లాడటమే. ఉమ్మడి రాష్ట్రంలో సాంఘిక సంక్షేమ శాఖ చూసిన ఆ అధికారి వెట్టి నిర్మూలన చట్టాన్ని ఊళ్లలోకి నడిపించారు. పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. పని గంటల, కనీస వేతనాల చరిత్రను వెతుక్కుంటూ పోతే నాకు కనిపించింది ఒక్కటే: మన వైపు కూలి చట్టాన్ని ప్రతిసారీ ఓడించింది ముందుగా చేతిలో పెట్టిన బాకీ.

నిజాం కాలంలో దీన్ని భాగేలా అన్నారు. పెండ్లికో కరువుకో దొర దగ్గర పైకం తెచ్చుకున్నవాడు అది తీరేదాకా జీతగాడు. పొద్దు పొడవకముందే కొట్టంలోకి పోవాలి, వదిలినప్పుడే ఇల్లు. చాకిరి వడ్డీకే చెల్లు, అసలు కొడుకు మీదికి. మన మొయినాబాద్ మండలం పెద్దమంగళారంలో పుట్టిన కొండా వెంకట రంగారెడ్డి నాయకుడిగా ఉన్న ఆంధ్ర మహాసభ వెట్టి మీద గొంతెత్తింది. సర్కారు కూడా భాగేలా ఒప్పందాలపై రెగ్యులేషన్ తెచ్చింది. నోటిమాటతో కుదిరిన బానిసత్వాన్ని ఆ కాగితం ఆపలేకపోయింది.

ఢిల్లీలో మాత్రం గడియారం కదిలింది. అంబేడ్కర్ కార్మిక శాఖ చూస్తున్న రోజుల్లో మొదలైన సవరణతో 1946లో ఫ్యాక్టరీ పని వారానికి 54 గంటల నుంచి 48కి దిగింది. 1948లో కనీస వేతనాల చట్టం వచ్చింది. రాజ్యాంగం కార్మిక విషయాలను ఉమ్మడి జాబితాలో పెట్టింది కాబట్టి చట్టం ఢిల్లీ చేసినా, మన కూలి రేటు హైదరాబాద్ ఖరారు చేస్తుంది. 1982లో ఏషియాడ్ క్రీడల నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు, కనీస వేతనం కన్నా తక్కువకు చేయించుకునే పని కూడా 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయే అంది. ఆకలి కూడా బలవంతమేనని ఒప్పుకున్న ఆ తీర్పు ప్రతి పంచాయతీలో చదివి వినిపించదగ్గది.

1976 నాటి వెట్టి చట్టం నేరుగా బాకీ మీదే దెబ్బ కొట్టింది. తానిచ్చింది వెట్టి బాకీ కాదని రుజువు చేసుకోవలసింది అప్పిచ్చినవాడే. ఈ జిల్లాలోనే, ఇబ్రహీంపట్నం తాలూకాలో, 1980లలో వ్యవసాయ కూలీ సంఘం ఆ చట్టాన్ని పట్టుకుని జీతగాళ్లను విడిపించింది.

మన చేవెళ్ల, మొయినాబాద్ మండలాల సంగతి కొంత వేరు. జంట జలాశయాల కోసం 1996లో వచ్చిన 111 జీవో కాలుష్యపు పరిశ్రమలను ఆపింది. ఫ్యాక్టరీ హాజరుపట్టీ మనకు పెద్దగా అలవాటు కాలేదు. ఉన్నవి పూలతోటలు, కూరగాయల మళ్లు, కోళ్ల ఫారాలు, ఫామ్‌హౌసులు. గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో బంతిపూల ధర పడిపోయిన రోజున కూడా సాయంత్రానికి కూలి ఇవ్వాల్సిన రైతు కష్టం నాకు తెలుసు. ఆయన్నీ, వారాంతానికి కారులో వచ్చే ఫామ్‌హౌసు యజమానినీ ఒకే గాటన కట్టను. ఆ ఫామ్‌హౌసులో కాపలా ఉండే ఆలుమగల పనికి మొదలూ చివరా ఏదీ? అడ్వాన్సు తీసుకుని ఒడిశా నుంచి ఇటుక బట్టీలకు వచ్చే కుటుంబం గంటలు లెక్కపెట్టదు, వేల ఇటుకలు లెక్కపెడుతుంది. భాగేలా పేరు మార్చుకుని మన మధ్యే ఉంది.

2025 నవంబర్ 21 నుంచి వేతనాల కోడ్ అమల్లోకి వచ్చింది. పాత చట్టం షెడ్యూలులో ఉన్న పనులకే కాదు, ఇప్పుడు ప్రతి పనికీ కనీస వేతనం హక్కు. అదనపు గంటలకు రెట్టింపు. నెల జీతం మరుసటి నెల 7వ తేదీలోపు. కూలి అందలేదని మూడేళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు. ఇచ్చానని నిరూపించుకోవలసింది యజమానే. అయితే వ్యవసాయానికో ఇంటి పనికో ఐదుగురికి మించకుండా పెట్టుకున్నవారికి రిజిస్టరు, వేతన చీటీ అక్కర్లేదన్నారు. చిన్న రైతుకు ఇది న్యాయమే. ఫామ్‌హౌసులకూ వర్తించడం తప్పు, సవరించాలి. అయినా అధికారి అడిగితే కూలి ఇచ్చిన ఆధారం వాళ్లూ చూపాల్సిందే.

యజమానులారా, ఎవరూ అడగకముందే పనిదినం, గంటలు, ఇచ్చిన డబ్బు ఒక పుస్తకంలో రాసి సంతకం తీసుకోండి. కూలి అన్నలారా, అక్కలారా, అడ్వాన్సు తీసుకునేటప్పుడే ఎంతో, ఎట్లా కోస్తారో రాయించుకోండి, నకలు మీ దగ్గరే ఉంచుకోండి. చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లోని ప్రతి పంచాయతీ ఆఫీసు గోడ మీద కనీస కూలి రేటు పెద్ద అక్షరాలతో రాయించాలని ఈ సభ తరఫున కోరుతున్నాను.