బ్యాటిల్ విమానమున మూడవవాఁడు

1940 మే 12వ తేదీన, బెల్జియము నందలి ఆల్బర్ట్ కాలువ వంతెనల మీదుగా జర్మను సేనలు పశ్చిమమునకు పొరలివచ్చుచుండఁగా, ఆ వంతెనలను కూల్చుటకై బ్రిటిషు వైమానికదళపు 12వ స్క్వాడ్రనునకు చెందిన ఐదు ఫెయిరీ బ్యాటిల్ విమానములు దాడి వెడలెను. ఒంటి ఇంజనుతో ముగ్గురు మనుష్యులను, బాంబులను మోయవలసిన యీ తేలిక బాంబరు అప్పటికే మందగామి. వెన్ను కాచుటకు ఒక్క మరతుపాకియే గతి. వెల్డ్‌వెజెల్ట్ వంతెనపై దాడికి నాయకుఁడైన గార్లండ్ 21 ఏండ్లవాఁడు, పరిశీలకుఁడు గ్రే, వైర్‌లెస్సును, ఆ తుపాకిని కనిపెట్టుకొని వెనుక కూర్చున్న రేనాల్డ్స్ 20 ఏండ్ల యువకుఁడు. వంతెన కొంత దెబ్బతిన్నది గాని మువ్వురును మరణించిరి. గార్లండ్, గ్రేలకు విక్టోరియా క్రాసు లభించెను. రేనాల్డ్సునకు ఏ పతకమును లేదు. నిర్ణయాధికారము గల స్థానము అతనిది కాదని కొందఱు సమాధానము చెప్పుదురు. మృత్యువు మాత్రము ఆ భేదమును పాటింపలేదు గదా, ఆ సమాధానము నాకు చాలినట్లు తోఁపదు.