దడుపు

2022వ సంవత్సరము మే 8వ తేదీ, ఆదివారము. బిచ్కుందకు పొరుగున నున్న పిట్లం మండలములోని చిల్లర్గి గ్రామస్థులు కొందరు ట్రాలీ ఆటోలో ఎల్లారెడ్డి అంగడికి పోయి తిరిగి వచ్చుచుండిరి. వారు పోయినది బేరసారముల కొరకు కాదు. ఇంట ఒకరు మరణించి కర్మలు ముగిసిన పిమ్మట, దుఃఖములో నున్న ఆ ఇంటివారిని బంధువులు వెంటబెట్టుకొని వారపు అంగడికి తీసికొనిపోవుట మా ప్రాంతమున ఆచారము. దీనికి ‘అంగడి దింపుడు’ అని పేరు. ఆ తిరుగు ప్రయాణములో, నిజాంసాగర్ మండలము హసన్‌పల్లి గేటు వద్ద, వారి బండిని లారీ ఢీకొన్నది. తొమ్మండుగురు మరణించిరి. గాయపడినవారు అంతకంటె ఎక్కువమంది.

మృతుల సంఖ్య పత్రికలలో వచ్చినది. కేంద్ర ప్రభుత్వము మృతుల కుటుంబములకు 2 లక్షల చొప్పున, గాయపడినవారికి 50 వేల చొప్పున సహాయము ప్రకటించినది. ఎవరి చేయి విరిగినదో, ఎవరి తల పగిలినదో ఆసుపత్రి కాగితములలో నమోదగును. అయితే ఇట్టి ప్రతి ప్రమాదములోను ఏ కాగితమునకును ఎక్కని గాయము మరియొకటి ఉండవచ్చును. నేడు మేము చెప్పదలచినది ఆ గాయమును గూర్చియే.

శ్రోతలు ఒక రైతును ఊహించుకొనవలెను. ఆయన ఏ ఊరివాడైనను కావచ్చును. మేము చెప్పునది ఏ ఒక్కరి కథయు కాదు. ఏదో ఒక రోడ్డు ప్రమాదమునుండి ఆయన చిన్న దెబ్బలతో బయటపడెను. పది దినములలో కట్లు విప్పిరి. ఊరివారందరు ‘దేవుడు సల్లగ చూసిండు’ అనిరి. రెండు నెలలు గడచినవి. ఇప్పుడాయన రాత్రి నిద్రలో ఉలికిపడి లేచి కేకలు వేయుచున్నాడు. వెనుకనుండి లారీ హారను మ్రోగినచో చేతిలోని గిన్నె జారిపోవుచున్నది. డీజిలు వాసన సోకినపుడు ఆయనకు ఆ దినము గుర్తునకు వచ్చుట కాదు, ఆ దినమే మరల కన్నులయెదుట జరుగుచున్నది. ఆ రోడ్డు తప్పించుకొనుటకై పొలము గట్ల వెంట చుట్టు తిరిగి నడచుచున్నాడు. మేనల్లుని పెండ్లికి రమ్మన్నను రాలేదు. ఎడ్లమీద, పిల్లలమీద నిష్కారణముగా కోపము. ‘నా జాగల వాడు కూసున్నడు. వాడు పోయిండు, నేనెందుకు మిగిలిన?’ అను ప్రశ్న ఒకటి లోలోపల తొలుచుచున్నది. ఆ మాట ఆయన ఎవరితోను అనడు. కనుక భార్యకు తెలిసినది ఒక్కటే: మనిషి మునుపటివలె లేడు.

ఈ వ్యాధి మన భాషకు తెలియనిది కాదు. దడుపు అందుము, జడుపు అందుము, బుగులు అందుము. పసిబిడ్డ దేనినో చూచి దడుసుకొని ఒళ్ళు వెచ్చబడినచో ‘దడుపు జ్వరము’ అని తల్లులు ఇట్టే గుర్తింతురు. దిష్టి తీయుదురు, తాయెత్తు కట్టింతురు, బిడ్డను ఒంటరిగా వదలక ఒడిలో పెట్టుకొందురు. తాయెత్తు మాట ఎట్లున్నను ఒడి మాత్రము మంచి మందే. భయము శరీరమును జబ్బు పరచుననియు, ఆ జబ్బు నెపము కాదనియు మన పెద్దలు ఏనాడో అంగీకరించిరి. చిక్కెక్కడ ననగా, ఈ దయ పిల్లలతోనే ఆగిపోయినది. మీసము వచ్చినవాడు దడుసుకొంటినని చెప్పినచో నలుగురు నవ్వుదురు.

పాశ్చాత్య దేశములవారును చాలకాలము నవ్విరి. మొదటి ప్రపంచ యుద్ధమున ఫిరంగుల నడుమ నిలిచిన సైనికులు వణకుచు, మాట పడిపోయి, నిద్రలేక తిరిగి వచ్చుచుండగా, 1915లో చార్లెస్ మయర్స్ అను వైద్యుడు వారిని గూర్చి ‘షెల్ షాక్’ అను పేరుతో వ్రాసెను. అయినను పిరికివారను నింద వారికి తప్పలేదు. వియత్నాం యుద్ధము ముగిసిన కొన్ని సంవత్సరములకు, 1980లో, అమెరికా మనోవైద్యుల సంఘము దీనిని ‘పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్’ అను పేర తన వ్యాధుల పట్టికలో చేర్చినది. పేరు పొడుగైనది. ఆఘాతము దాటిపోయినను దాని ఒత్తిడి దాటిపోక నిలుచుట అని అర్థము చెప్పుకొనవచ్చును.

సైనికుల వలన పేరు వచ్చినంత మాత్రమున ఇది సైనికుల సొత్తు కాదు. రోడ్డు ప్రమాదము చాలును. 2025 ఆగస్టు చివర కామారెడ్డి జిల్లాను ముంచెత్తినటువంటి వరద చాలును. గల్ఫు దేశమున తోటి కూలీ ఎత్తునుండి పడి మరణించుట చూచి వచ్చినవానికి రావచ్చును. అప్పుల బాధతో ప్రాణము తీసికొన్న తండ్రిని తలుపు త్రోసి మొదట చూచిన పిల్లవానికి రావచ్చును. బలాత్కారమునకు గురియైన స్త్రీకి, ఏండ్ల తరబడి ఇంటిలో దెబ్బలు తిన్న స్త్రీకి వచ్చుటకు మరింత అవకాశము కలదు. ఆమె విషయమున ప్రమాదము ఇంటి కప్పు క్రిందనే కాపురముండును.

లోపల జరుగునది ఏమి? సాధారణమైన జ్ఞాపకమునకు తేదీ ఉండును. ‘అది అప్పుడు జరిగినది, ఇప్పుడు లేదు’ అని మనస్సునకు తెలియును. ప్రాణభయములో ముద్రపడిన జ్ఞాపకమునకు ఒక్కొక్కసారి ఆ తేదీ అంటదు. జొన్నచేనిలో మంచెమీది కావలివాడు పందులు పోయి తెల్లవారినను ఇంకను కేకలు వేయుచునే ఉన్నట్లు, మెదడులోని కావలి దిగిరాదు. గుండె దడదడ, చెమట, ఉలికిపాటు అన్నియు ఆ కేకలే. మనిషి పిరికివాడగుట చేత కాదు, కావలివాడు మితిమీరి నమ్మకస్తుడగుట చేత.

ఇట్లనగానే ప్రమాదము చూచిన ప్రతివాడును రోగి యగునని భయపడనక్కరలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము లోకములో నూటికి 70 మంది తమ జీవితములో ఇట్టి ఆఘాతము నొకదానిని చూతురు. వారిలో నూటికి 5 లేక 6 గురికి మాత్రమే ఈ వ్యాధి నిలుచును. మొదటి వారములలో పీడకలలు, ఉలికిపాటు చాలమందికి సహజము, తమంతట తగ్గును. నెల దాటినను తగ్గక పనికిని, నిద్రకును, సంసారమునకును అడ్డు వచ్చుచున్నచో అప్పుడు వైద్యుని చూడవలెను. కొందరికి ఆరు నెలలు గడచిన పిమ్మట బయటపడుటయు కలదు. మాకు బాధ కలిగించిన లెక్క మరియొకటి: మనవంటి దేశములలో ఈ వ్యాధిగ్రస్తులలో నలుగురికి ఒక్కరు మాత్రమే ఏదైన చికిత్స కోరుచున్నారట.

ఇంటివారి సంగతి కొంత చెప్పవలెను. మన పల్లెలలో పలకరింపునకు వచ్చిన ప్రతివారును ‘ఎట్లయింది? మొదటి నుంచి చెప్పు’ అందురు. ప్రేమతోనే అందురు. కాని దినమునకు పదిమారులు ఆ కథ చెప్పించుట పుండు రేపుటయే యగును. సంఘటన జరిగిన వెంటనే ఒక్క బైఠకులో అంతయు కక్కించివేయుట మేలు చేయదని పరిశోధకులును తేల్చిరి. చెప్పదలచినపుడు వినుట, చెప్పనపుడు ప్రక్కన కూర్చుండుట చాలును. ‘మరచిపో’ అనుట మరియొక పొరపాటు; మరచుట చేతనైనచో ఎప్పుడో మరచియుండును. ‘నీకంటె పెద్ద దెబ్బలు తగిలినవాళ్ళు మంచిగున్నరు’ అనుట అన్నిటికంటె క్రూరము.

కల్లు మాటయు ఎత్తక తప్పదు. రాత్రి నిద్రపట్టనివాడు మా జిల్లాలో మొదట పోవునది కల్లు దుకాణమునకే. చెట్టు కల్లు వేరు. నిద్రమాత్రలలోని ఆల్ప్రాజోలము, డయాజిపాము, క్లోరల్ హైడ్రేటు వంటివి కలిపిన కల్తీ కల్లు వేరు. 2025 ఏప్రిల్‌లో బీర్కూరు, నసురుల్లాబాదు మండలముల గ్రామములలో కల్తీ కల్లు త్రాగి పలువురు ఆసుపత్రుల పాలైరి. దడుసుకొన్నవానికి అది కొన్నాళ్ళు నిద్రనిచ్చినట్లే ఉండును. పిమ్మట అది లేనిదే చేతులు వణకును. ఒక్కసారిగా మానినచో ఫిట్సు వచ్చును, లేనివి కనబడును. దడుపు ఎక్కడిదక్కడనే ఉండును, పైగా రెండవ వ్యాధి చేరును. కనుక అలవాటైనవారు వైద్యుని సలహాతో క్రమముగా మానవలెను గాని పంతమునకు పోరాదు.

నిజమైన చికిత్స యేది యనిన, మాటలతో చేయు చికిత్సయే మొదటిది. శిక్షణ పొందిన నిపుణుడు వారమునకొకసారి చొప్పున రెండు మూడు నెలలు రోగిని కూర్చుండబెట్టి, ఆతడు ఓర్చుకొనగలిగినంత మేరకు ఆ జ్ఞాపకమును మెల్లగా తాకించును. తప్పించుకొని తిరుగు చోటులకు అంచెలంచెలుగా చేర్చును. నేడు రోడ్డు కనబడు గట్టు, పై వారము రోడ్డంచు, ఆ పై వారము తోడుతో బస్సులో ఒక్క స్టేజీ. కన్నులను ఇటునటు కదలించుచు చేయు చికిత్స మరియొకటి కలదు. సెర్ట్రలిన్ వంటి మందులు కొందరికి ఉపకరించును.

దీనిని గూర్చి చదివినపుడు మాకు మన అంగడి దింపుడే గుర్తునకు వచ్చినది. దుఃఖితుని ‘లే, పో’ అని ఎవరును గెంటరు. ‘ఇంటిలోనే ఉండు’ అని మూసిపెట్టరు. పదిమంది వెంట నడచి, జనములోనికి, ఉప్పు పప్పుల మధ్యకు తీసికొని వచ్చి, మరల ఇంటికి చేర్చుదురు. చావునకు ఏర్పరచుకొన్న ఈ మర్యాదను దడుపునకు మనము ఏర్పరచుకొనలేదు. ఏర్పరచుకొనుటకు శాస్త్రము అడ్డురాదు. బస్సెక్కలేని అన్నతో తమ్ముడు బస్సెక్కుట వైద్యునకు పెద్ద సహాయము.

వైద్యుడనగానే ‘ఎర్రగడ్డ’ అని ఎగతాళి చేయువారు కలరు. హైదరాబాదు ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయము పేరు తిట్టుగా మారుట మన దురదృష్టము. అంతదూరము పోవలసిన పనియు తరచు ఉండదు. నిజామాబాదులో 2013 నుండి, కామారెడ్డిలో 2023 నుండి ప్రభుత్వ వైద్య కళాశాలలు కలవు. పోవుటకు మనసొప్పనివారికి టెలీ మానస్ అను ప్రభుత్వ టెలిఫోను సేవ కలదు. 2022 అక్టోబరు 10న ఆరంభమైనది, సంఖ్య 14416, రేయింబవళ్ళు పనిచేయును, రుసుము లేదు. బిచ్కుంద ఒకప్పుడు నాందేడు జిల్లా దెగ్లూరు తాలూకాలోనిది, 1956లో ఇటు కలిసినది. నేటికిని ఇచ్చట ఒక వీధిలో తెలుగు, మరియొక వీధిలో మరాఠీ, ఇంకొక ఇంట కన్నడము వినవచ్చును. భయము తల్లిభాషలోనే చెప్పుకొనవలసినది. ఆ సేవ ఈ మూడింటిలోను లభించును. ఫోను ఎత్తినవారికి వ్యాధి పేరు చెప్పనక్కరలేదు. ‘ఆక్సిడెంటైనప్పటి నుంచి నిద్ర పడ్తలేదు, బుగులైతున్నది’ అనినచో చాలును. తక్కిన ప్రశ్నలు వారే అడుగుదురు.